తాడిపత్రి నుంచి డల్లాస్: లెక్కలో 16 గంటలు, టికెట్‌లో 23 గంటలు ఎందుకు?

సార్, నమస్కారం. మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీది తాడిపత్రి, రిటైరయ్యారు. డల్లాస్‌లో ఉన్న అమ్మాయి దగ్గరికి మీరూ మేడమ్ గారూ మొదటిసారి వెళ్తున్నారు. నెట్‌లో హైదరాబాద్ నుంచి డల్లాస్‌కు 14,400 కిలోమీటర్లని చూశారు. విమానం గంటకు 900 కిలోమీటర్లు పోతుంది కాబట్టి 16 గంటలని లెక్కేశారు. కానీ ఒక టికెట్‌లో 23 గంటలకు పైగా, ఇంకోదాంట్లో 31 గంటలు ఉంది. పైగా మొదటి టికెట్ మీద తెల్లవారుజామున 4.20కి బయల్దేరి అదే రోజు సాయంత్రం 4.05కి దిగుతారని రాసుంది. అంటే 12 గంటలే కదా, ఏది నిజం అని అడిగారు. హైదరాబాద్ నుంచి వెళ్లాలా, బెంగళూరు నుంచా అన్నది మీ రెండో ప్రశ్న.

సూటిగా చెప్పాలంటే 23 గంటలే నిజం. అందులో గాల్లో ఉండేది సుమారు 20 గంటలు, మిగతాది విమానం మారేచోట ఎదురుచూపు. తాడిపత్రిలో ఇంటికి తాళం వేసిన దగ్గర నుంచి డల్లాస్‌లో అమ్మాయి ఇంటి గడప తొక్కేదాకా చూసుకుంటే 34, 35 గంటలు అనుకోండి. విమానాశ్రయం విషయానికొస్తే, తాడిపత్రి వాళ్లకు బెంగళూరే మేలు. మ్యాప్‌లో డల్లాస్‌కు హైదరాబాదే దగ్గర అయినా సరే.

నేను అనంతపురంలో చాలా ఏళ్లుగా టికెట్ల పని చేస్తున్నాను. మా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది కువైట్, దుబాయ్ పనులకు పోయేవాళ్లు. మిగతా సగం మీలాగే అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలు. గల్ఫ్‌కు పోయేవాళ్లు దూరం గురించి అడగనే అడగరు, రేటు అడుగుతారు. అమెరికా వెళ్లే పెద్దవాళ్లు మాత్రం తప్పకుండా అడుగుతారు. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ 14,400 సంగతి. అది తప్పు కాదు. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి రెండు ఊళ్ల మధ్య అన్నిటికంటే దగ్గరి దారి గ్లోబు మీద దారం లాగి పెట్టి చూస్తే తెలుస్తుంది, గోడకు తగిలించిన మ్యాప్‌లో తెలియదు. మీరు టీచర్‌గా చేశారు కాబట్టి స్కూల్లో గ్లోబు దొరికితే ఒకసారి చూడండి. హైదరాబాద్, డల్లాస్ దాదాపు భూమికి అటొకటి ఇటొకటి ఉన్నాయి. రేఖాంశాల తేడా 175 డిగ్రీలు. అందుకే దారం యూరప్ మీదుగా పోదు, నేరుగా ఉత్తరానికి లేచి ఉత్తర ధ్రువానికి సుమారు 500 కిలోమీటర్ల దూరంలోంచి దాటి కెనడా మీదుగా కిందికి దిగుతుంది. వినడానికి వింతగా ఉంటుంది కానీ ఇలా నిజంగానే విమానం నడిపారు. 2021 జనవరిలో ఎయిరిండియా శాన్‌ఫ్రాన్సిస్కో–బెంగళూరు డైరెక్ట్ సర్వీసు మొదలుపెట్టినప్పుడు, కెప్టెన్ జోయా అగర్వాల్ ఆధ్వర్యంలో పూర్తిగా మహిళా పైలట్లే ఆ తొలి విమానాన్ని ఉత్తర ధ్రువం మీదుగా బెంగళూరుకు తెచ్చారు. ఆ రెండు ఊళ్ల మధ్య నేరు దూరమే దాదాపు 14,000 కిలోమీటర్లు.

మరి హైదరాబాద్ నుంచి డల్లాస్‌కు అలా ఒక్క దూకులో ఎందుకు పోకూడదు? విమానాలకు ఆ శక్తి లేక కాదు. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కు సుమారు 15,300 కిలోమీటర్లు ఎక్కడా దిగకుండా పోయే విమానం ఉంది, 18 గంటలకు పైగా పడుతుంది. కాకపోతే అంత దూరానికి సరిపడా ఇంధనం నింపితే, ఆ ఇంధనం బరువును మోయడానికే మళ్లీ బోలెడు ఇంధనం ఖర్చవుతుంది. సీట్లు తగ్గించాలి, టికెట్ రేటు పెంచాలి. కాబట్టి మనం ఎక్కడో ఒకచోట దిగి మారాల్సిందే.

మారితే దూరం ఎంత పెరుగుతుంది? చాలామంది ఊహించుకునేంత పెరగదు. హైదరాబాద్ నుంచి దుబాయ్ 2,550 కిలోమీటర్లు, దుబాయ్ నుంచి డల్లాస్ 12,900 పైచిలుకు. మొత్తం 15,500 దగ్గర. లండన్ మీదుగా వెళ్తే హైదరాబాద్–లండన్ 7,750, లండన్–డల్లాస్ 7,630, మొత్తం 15,400 లోపు. రెండు దారుల్లోనూ నేరు దూరం కంటే అదనం వెయ్యి కిలోమీటర్లే. దోహా మీదుగా అయితే ఇంకో రెండు వందలు ఎక్కువ. ఇవన్నీ ఆయా ముక్కల నేరు దూరాలే. విమానం నిజంగా పోయే దారి గాలిని బట్టి, ఏ దేశం పైనుంచి పోనిస్తారన్న దాన్ని బట్టి మారుతుంది.

ఈ ఆకాశం గొడవ ఈమధ్య ఎక్కువైంది. 2022లో యుక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రష్యా ఆకాశం యూరప్, అమెరికా విమాన సంస్థలకు మూసుకుపోయింది. 2025 ఏప్రిల్ చివరి నుంచి పాకిస్తాన్ తన ఆకాశాన్ని భారతీయ విమానాలకు మూసేసింది. దాంతో ఢిల్లీ నుంచి అమెరికా పోయే మన విమానాలు చుట్టు తిరగాల్సి వచ్చింది, కొన్ని యూరప్‌లో దిగి ఇంధనం నింపుకుని పోయాయి. 2025 జూన్ 23న ఖతార్ తన ఆకాశాన్ని కొన్ని గంటలు మూస్తే దోహాలో ఎక్కడి ప్రయాణికులు అక్కడే ఆగిపోయారు. పాత బ్లాగుల్లోనో, మూడేళ్ల కిందట వెళ్లొచ్చిన పక్కింటివాళ్ల దగ్గరో విన్న గంటలను పట్టుకోకండి. మీరు వెళ్లే తేదీకి టికెట్‌లో చూపించే సమయమే చూడండి.

ఇప్పుడు మీ భాగహారం. 900 అనేది విమానం 10, 11 కిలోమీటర్ల ఎత్తుకు చేరి నిలకడగా పోతున్నప్పటి వేగం. టికెట్‌లో రాసే సమయం మాత్రం విమానం గేటు దగ్గర కదిలినప్పటి నుంచి అవతల గేటు దగ్గర ఆగేదాకా. రన్‌వే దాకా పాక్కుంటూ పోవడం, క్యూలో నిలబడటం, ఎత్తుకు ఎక్కడం, దిగేముందు పైన చక్కర్లు కొట్టడం అన్నీ అందులోనే. పైగా ఆలస్యమైందన్న పేరు రాకుండా సంస్థలు కొంచెం సమయం కలిపే రాస్తాయి. మీ టికెట్‌నే తీసుకోండి. దుబాయ్ దాకా 3 గంటల 55 నిమిషాలు, దుబాయ్ నుంచి డల్లాస్‌కు 16 గంటల 20 నిమిషాలు. కలిపితే 20 గంటల 15 నిమిషాలు. 15,500 కిలోమీటర్లను దాంతో భాగిస్తే గంటకు 765 వస్తుంది. సుదూర ప్రయాణాలకు 900తో కాకుండా 750 నుంచి 800తో భాగించండి, లెక్క దగ్గరగా వస్తుంది.

గాలి సంగతి కూడా ఉంది. విమానాలు ఎగిరే ఎత్తులో పడమర నుంచి తూర్పుకు బలమైన గాలులు వీస్తుంటాయి. జెట్ స్ట్రీమ్ అంటారు. చలికాలంలో ఇవి గంటకు 200 కిలోమీటర్లు దాటుతాయి. అమెరికా పోయేటప్పుడు మనది ఎదురుగాలిలో సైకిల్ తొక్కినట్టు. వచ్చేటప్పుడు అదే గాలి వెనక నుంచి నెడుతుంది. దుబాయ్ నుంచి డల్లాస్‌కు 16 గంటలు దాటితే, డల్లాస్ నుంచి దుబాయ్‌కు పద్నాలుగున్నర గంటలు చాలు. పోయేటప్పుడు విమానం గ్రీన్‌లాండ్ వైపో, ఇంకా పైకో వెళ్లి, వచ్చేటప్పుడు అట్లాంటిక్ మీద కిందుగా రావడానికి కూడా చాలాసార్లు కారణం ఇదే. సీటు ముందున్న స్క్రీన్‌లో దారి కనిపిస్తుంది. చూస్తూ కూర్చుంటే కొంచెం పొద్దుపోతుంది.

గడియారం దగ్గర దాదాపు అందరూ తికమక పడతారు. టికెట్ మీద బయల్దేరే సమయం మన టైమ్, దిగే సమయం ఆ ఊరి టైమ్. డల్లాస్ మనకంటే చలికాలంలో పదకొండున్నర గంటలు వెనక, ఎండాకాలంలో పదిన్నర గంటలు వెనక. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబర్ మొదటి ఆదివారం దాకా వాళ్లు గడియారం ఒక గంట ముందుకు జరుపుతారు కాబట్టి ఈ తేడా. మీది జనవరి ప్రయాణం అన్నారు కాబట్టి పదకొండున్నర తీసుకోండి. డల్లాస్ సాయంత్రం 4.05కి పదకొండున్నర కలిపితే మనకు మరుసటి రోజు తెల్లవారుజామున 3.35. మీరు బయల్దేరింది ముందురోజు తెల్లవారుజామున 4.20కి. అంటే 23 గంటల 15 నిమిషాలు. టికెట్‌లో ఉన్నదే వచ్చింది. అందులో దుబాయ్‌లో ఆగేది 3 గంటలు.

తిరుగు ప్రయాణంలో దీనికి ఉల్టా. సోమవారం రాత్రి 7 గంటలకు డల్లాస్‌లో ఎక్కితే బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో దిగేది బుధవారం తెల్లవారుజామున. మధ్యలో మంగళవారం ఎటు పోయిందో తెలియదు. పులివెందుల నుంచి ఒక కుటుంబం అమ్మానాన్నలను తీసుకురావడానికి ఒక రోజు ముందే కారు వేసుకుని బెంగళూరు పోయి, విమానాశ్రయం బయట నిలబడి నాకు ఫోన్ చేశారు. "అన్నా, లిస్టులో విమానమే లేదు" అని ఒకటే కంగారు. వాళ్లు బయల్దేరిన తేదీకి ఒక రోజు కలుపుకున్నారు, రెండు కలపాలి. టికెట్‌లో దిగే సమయం పక్కన చిన్నగా ప్లస్ 1, ప్లస్ 2 అని ఉంటుంది. కారు మాట్లాడేముందు దాన్ని చూడండి.

ఇక బెంగళూరా, హైదరాబాదా. నేరు దూరంలో డల్లాస్‌కు హైదరాబాద్ కంటే బెంగళూరు 440 కిలోమీటర్లు ఎక్కువ. కానీ మీరు నేరుగా పోవడం లేదు, దుబాయ్‌లో మారుతున్నారు. బెంగళూరు–దుబాయ్ 2,700, హైదరాబాద్–దుబాయ్ 2,550. తేడా 150 కిలోమీటర్లు, గాల్లో పదిహేను నిమిషాలు కూడా కాదు. రోడ్డు మీద చూడండి. తాడిపత్రి నుంచి అనంతపురం మీదుగా దేవనహళ్లి విమానాశ్రయం దాదాపు 240 కిలోమీటర్లు. గుత్తి, కర్నూలు మీదుగా శంషాబాద్ 330 దాటుతుంది. అంటే రోడ్డు మీద గంటన్నర పైనే మిగులుతుంది. దేవనహళ్లి బెంగళూరుకు ఉత్తరాన, మనం వచ్చే హైవే మీదే ఉంది కాబట్టి సిటీ ట్రాఫిక్‌లోకి దిగే పనే లేదు. ఇదే ప్రశ్న కర్నూలు వాళ్లు అడిగితే శంషాబాద్ అనే చెప్తాను. కడప వాళ్లకు చెన్నై కూడా లెక్కలోకి వస్తుంది. అంతర్జాతీయ విమానాలన్నీ బెంగళూరులో 2023 సెప్టెంబర్ నుంచి రెండో టెర్మినల్ నుంచే పోతున్నాయి, డ్రైవర్‌కు ముందే చెప్పండి.

ఒక్క జాగ్రత్త. డిసెంబర్, జనవరిలో తెల్లవారుజామున దేవనహళ్లి దగ్గర పొగమంచు పడుతుంది. విమానాలు ఆలస్యమవుతాయి, దారిలో చిక్కబళ్లాపుర వైపు కారు కూడా మెల్లగా పోవాలి. తెల్లవారుజామున 4 గంటల విమానానికి ముందురోజు సాయంత్రం 7 గంటలకే తాడిపత్రి వదలండి. అక్కడికి పోయి కుర్చీలో కూర్చోవచ్చు, ఫర్వాలేదు.

కర్నూలు దగ్గర ఓర్వకల్లులో, కడపలో విమానాశ్రయాలు ఉన్నాయి కదా, అక్కడ ఎక్కి పెద్ద విమానాశ్రయంలో మారితే కారు ప్రయాణం తప్పుతుంది కదా అని చాలామంది అడుగుతారు. ఆలోచన మంచిదే. కానీ రెండూ ఒకే టికెట్ మీద, ఒకే పీఎన్‌ఆర్ మీద లేకపోతే నేను వద్దంటాను. మన దగ్గరి చిన్న విమానం రద్దయితే అమెరికా విమానం మీ కోసం ఆగదు, డబ్బులూ తిరిగి రావు. నాకు తెలిసిన ఒకాయనకు సరిగ్గా ఇదే జరిగింది. కారు రెండు గంటలు ఆలస్యమైతే ఇంకో కారు దొరుకుతుంది. చిన్న ఊళ్లో విమానం రద్దయితే మళ్లీ రేపో, ఎల్లుండో.

దుబాయ్ దారా, లండన్ దారా? దూరం ఒకటే అని పైన చూశాం. తేడా అంతా ముక్కల్లో ఉంది. దుబాయ్ మీదుగా అయితే 4 గంటలు, ఆ తర్వాత ఒకేసారి 16 గంటలు. లండన్ మీదుగా అయితే ఇంచుమించు 10 గంటల చొప్పున రెండు. మోకాళ్ల నొప్పులు, కాళ్ల వాపులు, షుగర్ ఉన్న పెద్దవాళ్లకు 16 గంటలు ఒకే సీట్లో అంటే బాగా యాష్టకొస్తుంది. అలాంటివాళ్లకు నేను లండన్ వైపు మొగ్గుతాను. నడవగలిగి, తెలుగు తప్ప వేరే భాషతో ఇబ్బంది పడేవాళ్లకు దుబాయ్, దోహానే నయం. ఆ విమానాల్లో మనవాళ్లు బాగా కనిపిస్తారు, గేటు దగ్గర అడిగితే దారి చెప్పేవాళ్లు దొరుకుతారు. అమెరికా వీసా ఉన్నవాళ్లకు లండన్‌లో లోపలే ఉండి మారడానికి విడిగా ట్రాన్సిట్ వీసా మామూలుగా అక్కర్లేదు. అయినా టికెట్ తీసేముందు రూల్ చూసుకోండి, ఇవి మారుతుంటాయి.

మీరు చూసిన 31 గంటల టికెట్‌లో రెండు చోట్ల మారాలి, రెండో మార్పు అమెరికాలోనే. రేటు తక్కువ ఉండటానికి కారణం అదే. మొదటిసారి వెళ్లేవాళ్లకు నేను దాన్ని ఇవ్వను. అమెరికాలో ఏ ఊళ్లో ముందు దిగితే అక్కడే ఇమిగ్రేషన్, అక్కడే పెట్టెలు తీసుకుని కస్టమ్స్ దాటి మళ్లీ అప్పగించాలి. హైదరాబాద్‌లో మీ పెట్టెకు డల్లాస్ దాకా ట్యాగ్ వేసినా సరే ఇది తప్పదు. కదిరి నుంచి వెళ్లిన ఒకావిడకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. పెట్టెలు తీసుకోకుండానే తర్వాతి విమానం గేటుకు పోయారు. ఆమె డల్లాస్ చేరారు కానీ పెట్టెలు చేరడానికి చాలా ఆలస్యమైంది. అందులోనే మందులు ఉన్నాయి. నేరుగా డల్లాస్‌లో దిగే విమానమైతే ఈ గొడవంతా అమ్మాయి బయట నిలబడి ఉన్న ఊళ్లోనే జరుగుతుంది. గల్ఫ్‌లో అబుదాబి ఒక్కటి వేరు. అక్కడ అమెరికా ఇమిగ్రేషన్ ఎక్కేముందే అయిపోతుంది. కానీ మీ డల్లాస్‌కు అది అంతగా పనికిరాదు, షికాగో, న్యూయార్క్ వాళ్లకు బాగుంటుంది.

మారేచోట ఎంతసేపు ఉండాలి అన్నదాంట్లో నా లెక్క 3 నుంచి 4 గంటలు. గంటన్నర గ్యాప్ ఉన్న టికెట్ చూడటానికి ముద్దుగా ఉంటుంది, మొత్తం సమయం 21 గంటల్లో అయిపోతుంది. కానీ బెంగళూరులో పొగమంచుకు ఒక గంట ఆలస్యమైతే దుబాయ్‌లో పరుగే. అరవై దాటినవాళ్లతో నేను ఆ పందెం కాయను. ఆరు గంటలు దాటితే మళ్లీ ఆ కుర్చీల్లో నడుం పడిపోతుంది.

కాబట్టి టికెట్లు చూసేటప్పుడు కిలోమీటర్లు పక్కన పెట్టి మూడు చూడండి సార్. ఎక్కడ మారుతున్నారు, ఎంతసేపు, అమెరికాలో మొదట దిగేది డల్లాసేనా. మీరు చెప్పిన 23 గంటల టికెట్ ఈ మూడింట్లోనూ పాసయింది. అదే సంస్థకు బెంగళూరు నుంచి కూడా విమానం ఉంటుంది, తేదీ ఒకటి అటూ ఇటూ చూసి రేటు పోల్చండి. రెండు, మూడు వేల తేడా అయితే బెంగళూరే తీసుకోండి, ఆ డబ్బు కారు దగ్గరే మిగులుతుంది.

టికెట్ తీసేటప్పుడే ఇద్దరికీ వీల్‌చైర్ కావాలని రాయించండి. మేడమ్ గారు నడవగలరు అన్నా సరే. దుబాయ్‌లో గేటు నుంచి గేటుకు దూరం ఎక్కువ, పైగా వీల్‌చైర్ తోసే మనిషే దారి చూపిస్తాడు. బీపీ, షుగర్ మాత్రలు, డాక్టర్ చీటీ చేతి బ్యాగులోనే ఉండాలి. మాత్రలు మన టైమ్ ప్రకారం వేసుకోవాలా, అక్కడి టైమ్ ప్రకారమా అన్నది, ముఖ్యంగా ఇన్సులిన్ ఉంటే, వెళ్లేముందు మీ డాక్టర్‌నే అడగండి. ఆవకాయ జాడీ చేతి బ్యాగులో పెడితే సెక్యూరిటీ దగ్గరే తీసేస్తారు, పెద్ద పెట్టెలో పెట్టండి. తేదీలు ఖాయం కాగానే ఇక్కడే రాయండి, బెంగళూరు టైమింగ్స్ చూసి చెప్తాను.